ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు: ట్యూషన్ అంకె ఒక్కటి చూసి నిర్ణయించకండి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇది. మీవారికి వేరే దేశంలో మూడేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం వచ్చింది. పెద్దబ్బాయి ఎనిమిదో తరగతిలోను, చిన్నమ్మాయి మూడో తరగతిలోను చేరాలి. సంస్థ ఇద్దరి ట్యూషన్ ఫీజులో ముప్పావు వంతు ఇస్తానంటోంది. మీరు చూసిన స్కూలు ప్రభుత్వానిదీ కాదు, వ్యాపార సంస్థదీ కాదు. ట్రస్టీల బోర్డు నడిపే, లాభాపేక్ష లేని స్వతంత్ర ఇంటర్నేషనల్ స్కూలు. లాభం తీసుకోని స్కూలుకు అంత ఫీజు ఎందుకు, మిగిలిన పావు వంతు మీరు మోయగలరా, సహాయం అడిగితే పిల్లలను చిన్నచూపు చూస్తారా, ఫీజు మీద బేరం ఆడవచ్చా అన్నవి మీ సందేహాలు.

సహాయం అడగవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. అయితే అంతకంటే ముందు “మిగిలిన పావు వంతు” అన్న లెక్కను మీరు మనసులోంచి తీసేయాలి, ఎందుకంటే మీ చేతి నుంచి పోయేది అంతకు రెట్టింపు దాటవచ్చు. మూడేళ్లకు, ఇద్దరు పిల్లలకు, అన్ని పద్దులూ కలిపి మొత్తం కట్టండి. అందులో ఏ పద్దుకు ఎంత ఇస్తుందో సంస్థ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఉద్యోగం మధ్యలో ఆగిపోతే బాకీ ఎవరి పేరున నిలుస్తుందో ఒప్పంద పత్రంలో చదవండి. ఈ మూడూ తేలిన తరువాతే స్కూలు మీకు అందుబాటులో ఉందో లేదో తెలుస్తుంది. నేను చాలాకాలంగా ఇటువంటి స్కూళ్ల ఆర్థిక విభాగాల్లో పనిచేస్తున్నాను, ఫీజు సహాయం కోరే దరఖాస్తులను పరిశీలించే కమిటీల్లోనూ ఉన్నాను; ఇబ్బందుల్లో పడిన కుటుంబాల్లో ఎక్కువమంది ఫీజు ఎక్కువై పడినవారు కాదు, ఈ మూడింటిలో ఒకదాన్ని చూడక పడినవారు.

ముందుగా ఫీజు ఎందుకు అంత ఉంటుందో చెబుతాను. ప్రభుత్వ గ్రాంటు లేని స్కూలుకు ఆదాయమంటే దాదాపుగా తల్లిదండ్రులు కట్టే ఫీజే. ఖర్చులో సింహభాగం జీతాలు. పరాయి దేశం నుంచి తెచ్చుకునే ఉపాధ్యాయుడికి జీతంతో పాటు ఇంటి అద్దె, ఏటా స్వదేశానికి విమాన టికెట్లు, వైద్య బీమా, ఉద్యోగం చివర ఇచ్చే మొత్తం, ఆయన పిల్లలకు ఫీజు మినహాయింపు, ఇవన్నీ ఇవ్వాలి. ఈ చివరిదాన్ని బయటివారు గమనించరు గాని, ఉపాధ్యాయుల పిల్లలు కూర్చునే ప్రతి సీటూ ఫీజు రాని సీటే. వీటికి తోడు ఇంటర్నేషనల్ బాకలారియేట్ వంటి సంస్థలకు ప్రతి ప్రోగ్రామ్‌కూ కట్టే వార్షిక రుసుము, గుర్తింపు సంస్థల తనిఖీల ఖర్చు, ఉపాధ్యాయుల శిక్షణ ఉంటాయి. 1968లో జెనీవాలో మొదలైన ఇంటర్నేషనల్ బాకలారియేట్ ఉద్దేశమే దేశాలు మారే పిల్లలకు ఎక్కడైనా చెల్లే చదువు ఇవ్వడం. ఆ సౌకర్యం కోసమే మీలాంటివారు ఈ స్కూళ్లకు వస్తారు, దాని ఖర్చూ ఫీజులోనే ఉంటుంది.

ఇంకొక కారణం తరగతి నిండకపోవడం. ఒక తరగతి నడపడానికి ఏడాదికి 100 యూనిట్ల ఖర్చు అవుతుందనుకోండి. అందులో 20 మంది ఉంటే ఒక్కొక్కరి మీద 5 పడుతుంది. 16 మందే చేరితే ఉపాధ్యాయుడి జీతం తగ్గదు, గది అద్దె తగ్గదు. ఒక్కొక్కరి మీద 6.25 పడుతుంది, అంటే పాతిక శాతం ఎక్కువ. కుటుంబాలు ఏటా వచ్చిపోయే ఊళ్లలో ఏ సంవత్సరం ఎన్ని సీట్లు నిండుతాయో ఎవరూ ముందే చెప్పలేరు. అందుకే బోర్డులు జాగ్రత్త కోసం సంఖ్యను తక్కువగా అంచనా వేసి ఫీజు నిర్ణయిస్తాయి. లాభాపేక్ష లేదంటే మిగులు ఉండకూడదని కాదు, ఆ మిగులును యజమానులు పంచుకోరని మాత్రమే. కొంత మిగిల్చి నిల్వ నిధి పెట్టుకోని స్కూలు ఒక చెడ్డ సంవత్సరాన్ని తట్టుకోలేదు. లాభం కోసం నడిచే స్కూళ్లూ ఈ రంగంలో చాలా ఉన్నాయి. నార్డ్ ఆంగ్లియా, జెమ్స్, కాగ్నిటా వంటి పెద్ద గ్రూపులు అటువంటివే. యాజమాన్యం ఏ రకమైనదన్నదాన్ని బట్టి చదువు నాణ్యతను తేల్చలేము గాని, లెక్కలు చూపించమని అడిగే హక్కు మాత్రం తల్లిదండ్రుల ప్రతినిధులు కూర్చునే బోర్డు స్కూళ్లలో ఎక్కువగా ఉంటుంది. ఆ హక్కును వాడుకోవలసిందిగా మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

ఇక పద్దుల సంగతి. ఫీజు షెడ్యూలులో మొదట కనిపించే ట్యూషన్ అంకె కింద చిన్న అక్షరాల్లో చాలా ఉంటాయి. దరఖాస్తు రుసుము తిరిగి రాదు. సీటు ఖాయం చేసే అడ్మిషన్ ఫీజు కూడా సాధారణంగా తిరిగి రాదు. డిపాజిట్ తిరిగి వస్తుంది, కాని స్కూలు మానేస్తున్నామని సమయానికి నోటీసు ఇస్తేనే. భవనాల కోసం వసూలు చేసే క్యాపిటల్ లెవీ కొన్నిచోట్ల ఒక్కసారే ఉంటుంది, కొన్నిచోట్ల ఏటా ఉంటుంది. ఈ తేడా చాలా ముఖ్యం. ఇంగ్లీషులో వెనుకబడిన పిల్లలకు అదనపు పాఠాల ఫీజు, చదువులో ప్రత్యేక సహాయం అవసరమైన పిల్లలకు మరొక ఫీజు ఉంటాయి. బస్సు, భోజనం, యూనిఫాం, ల్యాప్‌టాప్, విహారయాత్రలు, పై తరగతుల్లో పరీక్ష ఫీజులు వేరు.

ఇవి కలిస్తే ఏమవుతుందో మీ పరిస్థితికి దగ్గరగా ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒక బిడ్డకు ఏడాది ట్యూషన్ 100 అనుకుందాం. దరఖాస్తు 1, అడ్మిషన్ 9, ఒక్కసారి కట్టే క్యాపిటల్ లెవీ 20, వెరసి మొదటి ఏడాది మాత్రమే పడేది 30. బస్సు 8, భోజనం, యాత్రలు కలిపి 7, ఇంగ్లీషు అదనపు పాఠాలు 10, వెరసి ఏటా 25. ఫీజు పెరగదనే అనుకున్నా మూడేళ్లకు ట్యూషన్ 300, ఒక్కసారి ఖర్చులు 30, ఏటా ఖర్చులు 75, మొత్తం 405 అవుతుంది. సంస్థ ట్యూషన్‌లో ముప్పావు వంతు, అంటే 225 ఇస్తుంది. మీ మీద పడేది 180, అంటే ఏడాదికి 60. మీరు ఏడాదికి 25 అనుకున్నది 60 అయింది. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవే. మీ స్కూలు షెడ్యూలు ముందు పెట్టుకుని ఇదే వరుసలో మీ అంకెలు వేసుకోండి. ఒక్కసారి ఖర్చుల బరువు మీరు ఎన్నేళ్లు ఉంటారన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ 30 ఆరేళ్ల మీద పరుచుకుంటే ఏడాదికి 5 మాత్రమే, ఏడాదికే తిరిగి వచ్చేస్తే 30కి 30.

దీనికి పెరుగుదలను కూడా కలపాలి. ఫీజు రెండు వైపుల నుంచి పెరుగుతుంది. స్కూలు ఏటా షెడ్యూలును సవరిస్తుంది. అది కాక పిల్లలు పై తరగతికి వెళ్లినకొద్దీ శ్లాబు మారుతుంది. మీ పెద్దబ్బాయి ఎనిమిది నుంచి తొమ్మిదికి వెళ్లేటప్పుడు చాలా స్కూళ్లలో పెద్ద మెట్టే ఉంటుంది. చిన్నమ్మాయి విషయంలో ఏటి సవరణే ప్రధానం. ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగే ఫీజు పన్నెండేళ్లలో దాదాపు 1.8 రెట్లు అవుతుంది. గడిచిన అయిదేళ్ల ఫీజు షెడ్యూళ్లు ఇమ్మని అడ్మిషన్ కార్యాలయాన్ని అడగండి. దాచవలసినది లేని స్కూలు వెంటనే ఇస్తుంది. ఫీజు ఏ కరెన్సీలో ఉందో, మీవారి జీతం ఏ కరెన్సీలో వస్తుందో కూడా చూసుకోండి. రెండూ వేరైతే స్కూలు ఒక్క పైసా పెంచకపోయినా మీకు ఫీజు పెరగవచ్చు.

కొన్ని స్కూళ్లు డిబెంచర్ కొనమంటాయి. హాంకాంగ్ స్కూళ్లలో ఇది బాగా వాడుకలో ఉంది. డిబెంచర్ అంటే మీరు స్కూలుకు ఇచ్చే వడ్డీ లేని అప్పు. కొన్ని రకాలు బిడ్డ స్కూలు విడిచినప్పుడు పూర్తిగా తిరిగి వస్తాయి. కొన్ని ఏటా కొంత చొప్పున తరిగిపోయి చివరికి సున్నా అవుతాయి. కొన్నింటిని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఏ రకమో తెలియకుండా సంతకం చేయవద్దు. పూర్తిగా తిరిగి వచ్చేది అయినా, అది తిరిగి ఇచ్చే స్తోమత స్కూలుకు అప్పటికి ఉండాలి. రెండు మూడేళ్ల ఫీజు ముందే ఒక్కసారిగా కడితే తగ్గింపు ఇస్తామనే పథకాలకూ ఇదే వర్తిస్తుంది. స్కూలు మూతపడితే మీరు బాకీదారుల వరుసలో ఎక్కడో వెనుక నిలబడతారు. మీకు నిజంగా మిగులు డబ్బు ఉండి, స్కూలు ఆడిట్ అయిన లెక్కలు మీరు చూసి ఉంటే తప్ప దాని జోలికి వెళ్లవద్దని నా అభిప్రాయం.

ఆ లెక్కల్లో చూడవలసినవి రెండే. వచ్చే ఏడాదికి ముందుగా వసూలైన ఫీజు ఎంత ఉంది, దానికి సరిపడా నగదు బ్యాంకులో ఉందా అన్నది మొదటిది. ముందుగా వచ్చిన ఫీజు ఆదాయం కాదు, ఇంకా చెప్పవలసిన పాఠాల బాకీ. ఆ డబ్బుతో ఈ ఏటి జీతాలు ఇస్తున్న స్కూలు ప్రమాదంలో ఉన్నట్టే. విద్యార్థుల సంఖ్య గత మూడు నాలుగేళ్లలో పెరిగిందా తగ్గిందా అన్నది రెండోది.

సంస్థ ఇచ్చే భత్యం గురించి కొంచెం విస్తారంగా చెప్పాలి, ఎందుకంటే మీలాంటి కుటుంబాలకు అసలైన నిధి ఇదే. “ట్యూషన్‌లో 75 శాతం” అన్న మాటలో ట్యూషన్ అంటే ఏమిటో ఆ సంస్థ నిబంధన నిర్వచిస్తుంది. క్యాపిటల్ లెవీ అందులో చేరుతుందా, అడ్మిషన్ ఫీజు చేరుతుందా, ఏడాదికి గరిష్ఠ పరిమితి ఉందా, ఫీజు పెరిగితే పరిమితి కూడా పెరుగుతుందా, ఇవన్నీ అడగాలి. ఐక్యరాజ్యసమితి సిబ్బందికి ఇచ్చే విద్యా గ్రాంటును చూస్తే ఇటువంటి నిబంధన ఎంత వివరంగా ఉండగలదో అర్థమవుతుంది. 2018లో అమల్లోకి వచ్చిన పద్ధతిలో అది శ్లాబుల వారీగా ఉంది. కింది శ్లాబుకు 86 శాతం ఇచ్చి, పైకి వెళ్లినకొద్దీ తగ్గిస్తూ 61 శాతానికి తెచ్చి, ఆ పైన ఉన్న ఖర్చుకు ఏమీ ఇవ్వకుండా దాన్ని రూపొందించారు. మీ సంస్థ నిబంధన ఒకే వాక్యంలో ఉంటే, రాయని ప్రతిదీ మీ మీద పడుతుందనే అనుకుని లెక్క వేసుకోండి.

డబ్బు సంస్థ నేరుగా స్కూలుకు కడుతుందా, మీరు కట్టి తరువాత బిల్లు పెట్టుకోవాలా అన్నది కూడా చిన్న విషయం కాదు. స్కూలు ఏడాది ఫీజునో టర్ము (విద్యా సంవత్సరంలో ఒక భాగం) ఫీజునో ముందే అడుగుతుంది, సంస్థ నెలల తరువాత ఇస్తుంది. మధ్యలో ఆ మొత్తాన్ని మీరు సర్దాలి. ఇది కాక చాలా దేశాల్లో సంస్థ కట్టే స్కూలు ఫీజును ఉద్యోగి ఆదాయంగానే లెక్కించి పన్ను వేస్తారు. ఆ పన్నును సంస్థే భరించేలా జీతం సవరిస్తారా అన్నది చేరకముందే అడగాలి. చేరిన తరువాత ఆ మాట ఎవరూ వినరు.

బాకీ ఎవరిది అన్న ప్రశ్నకు వస్తాను. ఇన్వాయిస్ మీద సంస్థ పేరు ఉన్నంత మాత్రాన బాధ్యత సంస్థది కాదు. అడ్మిషన్ ఒప్పందం మీద సంతకం తల్లిదండ్రులది, అందుచేత బాకీ కూడా తల్లిదండ్రులదే. నాకు తెలిసిన ఒక కుటుంబంలో తండ్రి పనిచేసే కంపెనీ విద్యా సంవత్సరం మధ్యలో మూతపడింది. రెండో టర్ము ఇన్వాయిస్ కంపెనీ పేరునే ఉంది. ఆ కాగితం పట్టుకుని ఆయన, ఇది మాకు సంబంధించినది కాదని నమ్మకంగా మా కార్యాలయానికి వచ్చారు. ఆయన సంతకం చేసిన ఒప్పందంలో ఏడో అంశం చూపించినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. నోటీసు గడువు దాటిపోవడంతో మూడో టర్ము ఫీజు కూడా పడింది. బాకీ తీరేదాకా మార్కుల పత్రం ఇవ్వకూడదన్నది స్కూలు నియమం. చివరకు బోర్డు వాయిదాలు ఇచ్చింది, పత్రాలు ఇచ్చారు, కాని వేరే ఊళ్లో పిల్లవాడి అడ్మిషన్ అప్పటికే ఆలస్యమైంది. అందుకే చెబుతున్నాను: ఉద్యోగ ఒప్పందం సంస్థ వైపు నుంచి రద్దయితే ఆ విద్యా సంవత్సరం చివరిదాకా ఫీజు కడతామన్న ఒక్క వాక్యాన్ని సంస్థ చేత రాయించుకోండి. చాలా సంస్థలు అడిగితే ఒప్పుకుంటాయి. స్కూలు వైపు నుంచి కూడా, ఉద్యోగం పోయి వెళ్లిపోవలసి వస్తే నోటీసు గడువులో సడలింపు ఇస్తారేమో చేరే ముందే అడగండి.

ఇప్పుడు సహాయం విషయం. స్కూలు ఇచ్చే రాయితీలు రెండు రకాలు. ప్రతిభ చూసి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి, కుటుంబ ఆర్థిక స్థితి చూసి ఇచ్చే బర్సరీ రెండోది. మీకు వర్తించేది బర్సరీ. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దరఖాస్తు ఎలా రాయాలో మీకే తెలుస్తుంది. దాతలు ఇచ్చిన మూలనిధి మీద వచ్చే ఆదాయంతో సహాయం చేసే ఇంటర్నేషనల్ స్కూళ్లు తక్కువ. ఎక్కువ చోట్ల అది మిగతా తల్లిదండ్రులు కట్టిన ఫీజులోంచి పక్కన పెట్టిన మొత్తమే. కాబట్టి కమిటీకి ఏటా ఒక పరిమితి ఉంటుంది. అది అయిపోయాక ఎంత న్యాయమైన దరఖాస్తు వచ్చినా ఏమీ చేయలేదు. ముందుగా అడిగినవారికి అవకాశం ఎక్కువ. అడ్మిషన్ దరఖాస్తుతో పాటే అడగండి. కొన్ని స్కూళ్లు సహాయం కోరినవారి సంఖ్యను చూసుకుని సీట్లు ఇస్తాయి, కొన్ని రెండు నిర్ణయాలనూ పూర్తిగా విడదీస్తాయి. మీ స్కూలు ఏ పద్ధతి పాటిస్తుందో అడిగితే దాచకుండా చెబుతారు.

చిన్నచూపు సంగతి మీరు ప్రత్యేకంగా అడిగారు. నేను చూసిన పద్ధతి సరైన కమిటీల్లో దరఖాస్తు మీద పేరు ఉండదు, సంఖ్య మాత్రమే ఉంటుంది. తరగతి ఉపాధ్యాయులకు ఎవరు ఎంత కడుతున్నారో తెలియదు. తెలిసేలా నడిపే స్కూలు తప్పు చేస్తున్నట్టే, ఆ మాట బోర్డుకు రాసే హక్కు మీకుంది.

దరఖాస్తులో జీతపు పత్రాలు, పన్ను పత్రాలు, ఆస్తులు, అప్పులు, సంస్థ ఇచ్చే భత్యం వివరం, మీ మీద ఆధారపడిన పెద్దలకు పంపే డబ్బు, అన్నీ పెట్టాలి. స్వదేశంలో ఇల్లు ఉంటే దాచకండి. అద్దె వస్తుందో, దాని మీద అప్పు ఉందో రాయండి. దాచినది తరువాత బయటపడితే మిగిలినదంతా నిజమైనా కమిటీ నమ్మదు. ఒక తల్లి రాసిన ఉత్తరం నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో బతిమాలడం లేదు, తన కష్టాల చరిత్ర లేదు. నెలకు వచ్చేది ఇంత, పోయేది ఇంత, మేము కచ్చితంగా కట్టగలిగింది ఇంత, ఈ తేడా రెండు టర్ములకు భరిస్తే మూడో టర్ము నుంచి నా ఉద్యోగ జీతంతో పూర్తిగా కట్టగలం అని ఉంది, కింద నియామక పత్రం నకలు జత చేసి ఉంది. ఆమె అడిగినంతా మంజూరైంది. ఫీజు తగ్గించండి అని మాత్రమే రాసిన దరఖాస్తు మీద కమిటీ ఏ అంకె వేయాలో తెలియక వాయిదా వేస్తుంది. ఎంత కట్టగలరో మీరే చెప్పండి. బర్సరీని ఏటా కొత్తగా పరిశీలిస్తారు కాబట్టి మొదటి ఏడాది వచ్చిందని రెండో ఏడాది లెక్కలో ముందే కలుపుకోకండి.

బేరం ఆడవచ్చా అని కూడా అడిగారు. ట్యూషన్ ఫీజు మీద బేరం దాదాపుగా కుదరదు. ఒకరికి తగ్గించారని తెలిస్తే అందరూ అడుగుతారు. కాని రెండో బిడ్డకు తోబుట్టువు రాయితీ, వడ్డీ లేని వాయిదాలు, ఏడాది మధ్యలో చేరితే క్యాపిటల్ లెవీలో తగ్గింపు వంటివి అడగదగినవి, తరచుగా ఇచ్చేవి కూడా. ఇంగ్లీషు అదనపు పాఠాల ఫీజు విషయంలో పిల్లలకు మళ్లీ పరీక్ష ఎప్పుడు పెడతారో అడగండి. ఒక టర్ములోనే వాటి అవసరం లేదని తేలితే మిగతా ఏడాది ఫీజు మిగులుతుంది.

చివరిగా పెద్దబ్బాయి గురించి, మీరు అడగలేదు గాని చెప్పవలసినది ఒకటి ఉంది. ఇప్పుడు ఎనిమిదిలో చేరితే మూడేళ్ల ఒప్పందం పదో తరగతితో ముగుస్తుంది, అది మంచి మలుపు. ఒప్పందాన్ని ఒక్క ఏడాది పొడిగిస్తే మాత్రం అబ్బాయి పదకొండు, పన్నెండు తరగతుల్లో చదివే రెండేళ్ల ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమా మధ్యలో ఉంటాడు, అప్పుడు స్కూలు మారడం చాలా కష్టం. కాబట్టి పొడిగింపు మాట వస్తే రెండేళ్లకే ఒప్పుకోండి, ఆ రెండేళ్ల విద్యా భత్యంతో సహా. అది కుదరని పక్షంలో యునైటెడ్ వరల్డ్ కాలేజీలను గుర్తుంచుకోండి. 1962లో వేల్స్‌లోని అట్లాంటిక్ కాలేజీతో మొదలైన ఈ స్కూళ్లలో ఆ డిప్లొమా చదువుకోవచ్చు. సాధారణంగా ఆయా దేశాల జాతీయ కమిటీలు విద్యార్థులను ఎంపిక చేస్తాయి, ఆర్థిక సహాయాన్ని కుటుంబ అవసరాన్ని బట్టి నిర్ణయిస్తాయి. ఆ దరఖాస్తులు చేరవలసిన సంవత్సరానికి చాలా ముందే ముగుస్తాయి కనుక అబ్బాయి పదో తరగతి మొదలుపెట్టేనాటికే మీ దేశపు కమిటీ గడువు తేదీలు తెలుసుకుని ఉంచుకోండి.